ఆఖరున నీళ్లు పోసుకునేవాళ్లను అడగమన్న సారు

మా సోలార్ సారు పోయారని సెల్లుకు మెసేజ్ వచ్చినప్పుడు నేను కృష్ణగిరిలో ఒక మిద్దె మీద పైపు బిగిస్తున్నాను. గుండెపోటట. సగంలో దిగిపోతే ఆ ఇంటివాళ్లకు నీళ్లుండవు. పైపు బిగించి, కుళాయి తిప్పి చూసి, అప్పుడు హోసూరు బస్సెక్కాను. చేరేసరికి అంతా అయిపోయింది. సారు ఉంటే ఆలస్యానికి ఏమీ అనరు. పని వదిలి వచ్చుంటే మాత్రం గుమ్మంలోంచే వెనక్కి పంపేవారు.

మూకండపల్లిలో ఫ్యాక్టరీల పక్కన ఒక చిన్న శిక్షణ కేంద్రం ఉండేది. పదో తరగతి తప్పిన మాలాంటివాళ్లకు ఎండతో నీళ్లు కాచే సోలార్ హీటర్లు బిగించడం నేర్పేవాళ్లు. సారు అక్కడ టెంపరరీ. చివరిదాకా టెంపరరీనే. ఆయన బ్యాచ్‌లో పాసయ్యేవాళ్లు తక్కువ, అదీ ఆయన నేరం. తర్వాత కేంద్రంవాళ్లు కంప్యూటర్లు తెచ్చి, తలుపులు మూసి, తెర మీద ఎండను చూపించి, అందరికీ సర్టిఫికెట్లు పంచడం మొదలుపెట్టారు. సారును ఇక రావద్దన్నారు. కంప్యూటర్ మీద నాకు పగ లేదు. నేనూ సొంతంగా నేర్చుకున్నాను. సారుకూ లేదు. “తెర మీద నేర్చుకోండప్పా, మంచిదే. కానీ తెర మీద ఎవురూ స్నానం చెయ్యరు” అని మాత్రం అన్నారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. హీటరు బిగించిన కొన్నాళ్లకు, బిగించినవాడే పొద్దున్నే ఆ ఇంటికి పోయి నీళ్లు కాగుతున్నాయా అని అడిగి రావాలి. అడగాల్సింది యజమానిని కాదు. “ఇంట్లో అందరికన్నా ఆఖరున నీళ్లు పోసుకునేది ఎవురో వాళ్లను అడగండి. ముందు పోసుకునేవాడికి ఎప్పుడూ వేడిగానే వస్తాయి” అనేవారు.

పరీక్షకు నేను హీటరు బిగించాల్సింది మత్తిగిరిలో, రిటైరైన ఒక ఆఫీసరు ఇంటి మీద. అప్పటికి మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. బెంగళూరులో ఒక కంపెనీ నన్ను తీసుకుంటానంది. సోమవారం సర్టిఫికెట్ పట్టుకుపోయి చేరాలి. బరువేదైనా నైరుతిలోనే పెట్టాలి, అది వాస్తు అన్నాడు ఆఫీసరు. పొద్దున ఆ మూల నిండా ఎండే. అక్కడే బిగించాను. రెండు స్నానాలకు నీళ్లు కాగాయి. నేను సారు దగ్గరికి పరుగెత్తాను.

“నీళ్లు భలే కాగుతాండాయి సార్. పెద్దాయనే చెప్పినాడు.”

“ఆఖరున పోసుకునేది ఎవురు?”

“కోడలనుకుంటా సార్.”

“అనుకుంటే చాలదప్పా. పోయి అడుగు.”

పోయాను. ఆఫీసరు కోడలు పెరటి తలుపు దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“మామకీ, మా ఆయనకీ వేడిగానే వస్తాయన్నా. నాకు చన్నీళ్లే. చెప్తే మళ్లీ ఏం గొడవో అని ఊరికే ఉండాను.”

మిద్దె ఎక్కి చూస్తే, పడమటి పక్కింటి గోడ నీడ ఆ మూల మీద మధ్యాహ్నం నుంచే పడుతోంది. సగం పూట ఎండకు సగం నీళ్లే కాగుతాయి. అదే సారుకు చెప్పాను. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనన్నారు.

“పక్క బ్యాచ్‌లో అందరికీ ఇస్తాండారు గదా! నాకొక్కడికే యాడా లేని రూలా? నా కూడు పోతాది సార్!”

“పోతే ఇంకో కూడు వెతుకుదాం. ఆ బిడ్డ ఇంకో ఇల్లు వెతుక్కోలేదు గదప్పా.”

ఆదివారం ఇద్దరం కలిసి పోయాం. ఆఫీసరు మళ్లీ వాస్తు ఎత్తాడు. కోడలి మాట సారు ఎత్తనేలేదు. ఆయనను పైకి తీసుకుపోయి నీడ చూపించారు. “మీ సిమెంటు ట్యాంకు నైరుతిలోనే ఉండాదే, ఆ బరువు చాలదా స్వామీ? సూర్యుడు గోడ దూకి రాలేడు.” ఆఫీసరు గొణిగి, సరేనన్నాడు.

హీటరు చోటు మార్చాం. నాలుగు రోజులు ఆగి ఆ అమ్మాయిని సారే స్వయంగా అడిగి, అప్పుడు సంతకం పెట్టారు. ఆ సరికి బెంగళూరులో నా చోట ఇంకొకడు చేరాడు. నేను బర్గూరు పోయి, గ్రానైటు కోసే మిషన్‌కు నీళ్లు పడుతూ చాలాకాలం సారును తిట్టుకున్నాను. తర్వాత ఇప్పటి ఈ పని చూపించింది కూడా ఆయనే. దానికి దండం పెట్టాను. పోయిన ఉద్యోగానికి క్షమించానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చనిపోయారు కదా అని ఇప్పుడు చెప్పను. అబద్ధం ఆయనకు నచ్చదు.

కానీ ఆ ఆదివారం నా కళ్లలోంచి పోదు. హీటరు పలకను నైరుతి మూల నుంచి ఎండలోకి మార్చాలి. అదొక పెద్ద గాజు పలక. ఒక కొస ఆయన, ఒక కొస నేను. నేను పళ్లు కొరుకుతూ గొణుగుతున్నాను. ఆయన తన కొస కింద పెట్టేశారు.

“ముందు తిట్టేది ముగించప్పా. కోపంతో గాజు ఎత్తకూడదు.”

తిట్టాను. గట్టిగానే. కేంద్రాన్ని, ఆఫీసరును, ఆయనను. సారు పిట్టగోడ మీద కూర్చుని అంతా విన్నారు.

“అయిందా?”

“అయింది.”

“అయితే పట్టు.”

లేపాం. అడుగులో అడుగు వేస్తూ ఆయన వెనక్కి, నేను ముందుకు. మా ఇద్దరి చేతుల మధ్య గాజు నిండా ఆకాశం. ఒక తెల్లమబ్బు నా వైపు నుంచి మెల్లగా ఆయన వైపు జారిపోయింది.