నాలుగు వేళ్ళ ఎడం

నిన్న హోటల్లో పక్క టేబులాయన నూడుల్స్ మీద వెనిగర్ చల్లుకున్నాడు. ఆ పులుపు వాసనకు నా ఆకలి చచ్చి, ఉరవకొండలో మస్తానన్న స్టూడియో చీకటిగది గుర్తొచ్చింది. ఫోటోలు కడిగే మందునీళ్ళు అచ్చం ఇదే వాసన వేసేవి. తొంభైల చివర్లో నాకు పని నేర్పిన మనిషి ఆయన. పాస్‌పోర్టు ఫోటోలతో పొట్ట పోసుకుంటూ, జంట ఫోటోల పిచ్చి పెట్టుకున్నాడు. ఒకటి తీసి, కెమెరాను నాలుగు వేళ్ళంత పక్కకు జరిపి ఇంకొకటి తీసేవాడు. రెండింటినీ భూతద్దాల పెట్టెలో పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మకు లోతు వచ్చేది.

ఒకరోజు ఊరి చివర ఉండే లక్ష్మమ్మవ్వ కొడుకు వచ్చాడు. ఎండిపోయిన దిగుడుబావిని మర్నాడు పూడ్పిస్తున్నాడట. అవ్వా, మొగుడూ కలిసి తవ్వుకున్న బావి అది. కాళ్ళు పడిపోయి ఆమె ఇప్పుడు మంచం దిగలేదు. పూడ్చేలోగా ఒక్కసారి చూడాలని ఒకటే పోరు. ఆమెకు చూపించడానికి జంట ఫోటో తీసుకురమ్మని మస్తానన్న నన్ను పంపాడు. నాకేమో బావులంటే చచ్చేంత భయం. గట్టు దాకా పోకుండా, దూరంగా మట్టిదిబ్బ ఎక్కి పెద్ద లెన్సుతో తీసుకొచ్చాను. సాయంత్రం కడిగి పెట్టెలో పెడితే, మెట్లు గోడకు అంటించిన కాగితాల్లా ఉన్నాయి. మస్తానన్న పెట్టెలోకి తొంగి చూశాడు.

"ఏమ్మా, దిబ్బ మీదే నిలబడినావు కదా?"

"నీకెట్ల తెలుసన్నా?"

"దీంట్లో బావి యాడుండాది? పెద్ద లెన్సు దూరాన్ని ఈడ్చుకొస్తాది గానీ లోతును తేలేదు. ఆ చిన్న యాభై లెన్సు తీసుకొని గట్టు కాడికి పో. భయమైతే కూచో. ఎనక్కి మాత్రం జరగొద్దు."

తిట్టి ఉంటే పని మానేసేదాన్నేమో. తెల్లారి ట్రాక్టరు రాకముందే వెళ్ళి, గట్టు మీద బోర్లా పడుకుని తీశాను. కెమెరాను గట్టు రాయికి ఆనించి, నాలుగు వేళ్ళు కొలిచి పక్కకు జరిపాను.

మధ్యాహ్నం మస్తానన్నే పెట్టెను అవ్వ కళ్ళకు పట్టాడు. ఆమె చెయ్యి లేచి గాలిలో ముందుకు పోయింది.

"ఈ మూడో మెట్టు మీదే పిల్లోన్ని పండబెట్టి మట్టి మోసినా. ఆడ సల్లగుండేది," అంది.

ఆ పిల్లోడే బావి పూడ్పించిన కొడుకు. వాకిట్లోకి వెళ్ళి తలపాగా గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మస్తానన్న లేడు. ఆయన పుణ్యాన పెళ్ళి ఫోటోలు తీసుకుంటూ బతుకుతున్నాను. ఏడ్చే మనిషి ఎదురైతే నా వేలు ముందు జూమ్ మీదికే పోతుంది. అంతలో ఆయన మాట గుర్తొచ్చి, దగ్గరికి నడుస్తాను. భయం ఇప్పటికీ పోలేదు. మరీ భయమైతే పక్కన కూర్చుంటాను. వెనక్కి మాత్రం జరగను.