టైలరు పెదవుల మధ్య

పనిలో కూర్చుంటే టైలరు నోరు విప్పడు. పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి కనుక, ఎవరేమడిగినా "ఊఁ" ఒక్కటే సమాధానం. సాయంత్రం కూతురికి కంప్యూటర్లో ఇంటర్వ్యూ ఉందనగా అది మొరాయించింది. విప్పి చూస్తే బోర్డు మీద కెపాసిటర్ అనే చిన్న డబ్బా ఒకటి తల ఉబ్బి ఉంది. టైలరు బజారుకెళ్లి కొత్తది తెచ్చాడు. కుట్టుమిషన్ పక్కకి జరిపి, పాతదాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి, కన్నాలు శుభ్రం చేసి, కాజా కుట్టినంత ఓర్పుగా టంకం వేశాడు.

"నాన్నా, పాతదే మళ్లీ పెట్టేయలేదు కదా?" అంది కూతురు.

"ఊఁ," అన్నాడు, చెయ్యి ఊపి.

స్విచ్ వేశాడు. టప్పుమని పేలి బోర్డు మీంచి పొగ లేచింది. కూతురు నెత్తిన చేతులు పెట్టుకుంది. టైలరు కొయ్యబారిపోయాడు. మెల్లగా అతని నోరు తెరుచుకుంది. పెదవుల మధ్యనుంచి కొత్త కెపాసిటర్ జారి బల్ల మీద పడింది.