పాతరలో ఏరు

గురమ్మక్క ఫోటోలతో పోట్లాడేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. రుమైథియాలో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. ఇంటి పనీ వంటా ఆమెవి, కారు నడపడం నాది. ఇద్దరిదీ రాజంపేట వైపే. ఇంటావిడ పేరు షహర్‌బాను, బడిలో టీచరు, పెళ్ళి చేసుకోలేదు. కువైట్‌లో పనిచేసే ఇంటి యజమానురాలిని 'మామా' అనడం అలవాటు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం.

మామాకు ఉన్న ఒకే ఒక పిచ్చి కెమెరా. ఏటా చలికాలం సెలవుల్లో థాయిలాండ్ వెళ్ళి, మీకాంగ్ అనే పెద్ద నది వెంట ఊరూరా తిరిగేది. గుళ్ళూ గోపురాలూ ఆమెకు పట్టవు. పడవలోనే కాపురం చేసేవాళ్ళు, పడవ అంచున కూర్చుని పళ్ళు తోముకునే పిల్లలు, ఖాళీ వల దులుపుకునే జాలరి, ఇసుక తిన్నెల మీద కూరగాయలు పండించే ఆడవాళ్ళు, వీళ్ళే ఆమెకు కావాలి. తిరిగొచ్చాక మేడ మీద చీకటి గదిలో తనే ఫోటోలు కడిగి, తెచ్చి వంటింట్లో నేల మీద పరిచేది.

గురమ్మక్క చేతులు తుడుచుకుని వాటి ముందు కూలబడేది. ఒక ఫోటోలో ఓ ముసలామె కావడి మోస్తూ నిటారు గట్టు ఎక్కుతుంటుంది. కింద కనుచూపు మేర నీళ్ళు. అక్క ఆమెకు పోలేరమ్మ అని పేరు పెట్టేసింది.

"మా ఊళ్ళో నీళ్ళు ల్యాక సచ్చిపోతిమి. నీళ్ళుంటే కష్టముండదనుకుంటి గదే పోలేరమ్మా! అంత ఏరు కాళ్ళకాడ పెట్టుకోని నీకు ఈ కావడి మోసే కర్మేంది?" అని దెబ్బలాడేది.

మామాకు తెలుగు రాదు. అయినా అక్క ఏ ఫోటోతో ఎక్కువసేపు పోట్లాడితే దాన్నే పెద్దది చేయించి గోడకు పెట్టేది. ఒకసారి అక్క నెగెటివ్‌లు చూసి, ఈ నల్ల ముఖాలూ తెల్ల జుట్లూ ఏమిటని జడుసుకుంది. మామా నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పింది. "ఇది విత్తనం, గురమ్మా. ఇది ఉంటే ఎన్ని ఫోటోలైనా మొలుస్తాయి. ఇది పోతే ఖలాస్."

నేను ఆ మాట మరుసటి రోజుకే మరిచిపోయాను. అక్క మరవలేదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో, మామా తన తల్లికి కంటి ఆపరేషన్ చేయించడానికి బొంబాయి వెళ్ళి ఉండగా, ఇరాక్ సైన్యం వచ్చి పడింది. మా వీధి చివర ట్యాంకు నిలబడింది. పక్కిళ్ళ ఫ్రిజ్జులూ ఏసీలూ పరుపులూ లారీలెక్కి బస్రా దారి పట్టాయి. మనవాళ్ళు దొరికిన బస్సెక్కి అమ్మాన్ పోయి, అక్కడి నుంచి విమానాల్లో ఇంటికి చేరుకుంటున్నారు. నేనూ మూట కట్టాను.

"నువ్వు పో అబ్బయ్యా. నాకు పనుండాది," అంది అక్క.

"లోకం మునిగిపోతాంటే ఏం పనక్కా?"

"పాతర తవ్వల్ల."

పాతరంటే మా సీమలో ధాన్యం దాచే గొయ్యి. పండినప్పుడు జొన్నలు భూమిలో పెట్టి, పైన మట్టి కప్పేస్తే కరువులో అవే ఆదుకుంటాయి. ఈమె దాచాలనుకున్నది జొన్నలు కాదు, మామా నెగెటివ్‌లు. నాకు ఒళ్ళు మండింది. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, మన ప్రాణాలకే దిక్కులేదు, ఎవరో పడవలవాళ్ళ బొమ్మలు దాస్తావా అని అరిచాను.

అక్క కోప్పడలేదు. "మా యమ్మ నా సిన్నప్పుడే పాయ. ఎట్లుండెనో గుర్తు తెచ్చుకుందామన్నా రాదు. ఒక్క ఫోటో ల్యాకపాయ. వీళ్ళన్నా ఉండల్ల గదబ్బా," అంది.

నేను మూట విప్పేశాను. ఒంటరి ఆడమనిషిని వదిలేసి పోతే రాజంపేటలో నా ముఖాన ఉమ్మేస్తారన్న భయం కూడా లేకపోలేదు.

పెరట్లో రేగుచెట్టు పక్కన తవ్వాం. ఇసుక జారిపోతుంటే పాత నీళ్ళ డ్రమ్ము దింపి, లోపల ఈతచాపలు పరిచాం. అప్పటికే గ్యాసు అయిపోయి ఈతమట్టలతో వండుతున్నాం. అక్క ఆ బూడిద జల్లించింది. కాగితం ఉంటే చెదలు పడుతుందని నెగెటివ్‌లను వాటి కవర్లలోంచి తీసేసింది. కంది విత్తనానికి పట్టించినట్టు ఒక్కో ముక్కకూ బూడిద పట్టించి రుద్దింది. ఆ చేతుల శ్రద్ధ చూస్తే గుళ్ళో విగ్రహానికి నలుగు పెడుతున్నట్టుంది. నేనూ కూర్చుని రుద్దాను.

పాతరలో అడుగు వరస విత్తనానికి, నడిమిది తిండికి, పై వరస ఎలాగూ పాడవుతుంది. అందుకని అడుగున నెగెటివ్‌లు పెట్టి, నడుమ చాపలు కుక్కి, పై వరసలో రెండు తప్ప తన చీరలన్నీ పెట్టేసింది. "ఉండే రెండు సీరలు సాల్లే," అంది. మూత పెట్టి, ఇసుక కప్పి, దాని మీదే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. పైన రేకు కట్టాం.

అనుకున్నట్టే ఒక ఉదయం సైనికులు వచ్చారు. కెమెరాలూ టీవీలూ పోయాయి. చీకటి గదిలో సామాను చూసి, ఇక్కడ కరపత్రాలు అచ్చేస్తున్నారా అని నా కాలరు పట్టుకున్నారు. గోడ మీది ఫోటోలన్నీ పీకి పెరట్లో తగలబెట్టారు. పోలేరమ్మ కావడితో సహా మంటల్లో ముడుచుకుపోయింది. అంతలో వాళ్ళలో ఒకడు పొయ్యి దగ్గరికి వచ్చి, కింద ఏముందోనని బూటు కాలితో ఒక రాయిని తన్నబోయాడు. అక్క లేచింది.

"రేయ్! పొయ్యి మింద కాలు పెడ్తావా? మీ యమ్మ నీకు కూడు వండల్యా? తియ్ కాలు!"

అచ్చమైన రాజంపేట తెలుగు. వాడికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ రొట్టె పిండి చేతులతో, మండే కొరివి పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి, తుపాకీ ఉన్నవాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని ఊరుకోలేదు, తల దించుకున్నాడు కూడా. అక్క ఒక రొట్టె వాడి చేతిలో పెట్టింది. అప్పటి నుంచీ ఆమెను చూస్తే నాకు భయంతో కూడిన భక్తి. ఇప్పటికీ పోలేదు.

చలికాలంలో పైనుంచి బాంబులు పడ్డాయి. తరువాత చమురు బావులు అంటుకుని పగలే దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పొగలోంచి నల్లటి వాన కురిసింది. వాన పడినప్పుడల్లా అక్క రేకు కింద పొయ్యికి కాపలా కూర్చునేది. ఆ తర్వాత సైన్యం పారిపోయింది.

ఎండలు ముదిరాక మామా తిరిగి వచ్చింది. బొంబాయిలో తల్లి పోయింది. ఖాళీ గోడలు చూసింది, మేడ మీద ఖాళీ గది చూసింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

పాతర తెరిచాక వెంటనే చెయ్యి పెట్టకూడదు, లోపల చెడ్డ గాలి ఉంటుంది. అక్క దీపం వెలిగించి తాడుతో దింపింది. దీపం ఆరలేదు. పై వరసలో చీరలు బూజు పట్టి చివికిపోయాయి. అక్క వాటిని పక్కన పడేసి, చాపలు లాగి, అడుగు నుంచి నెగెటివ్‌లు తీసి మామా ఒడిలో పోసింది.

"ఒక్క పురుగు పట్టల్యా, సూడు మామా!"

మామా ఒక ముక్క తీసి మెత్తగా తుడిచి, ఆకాశానికి ఎత్తి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. బూడిద పురుగును రానివ్వలేదు గాని ఫిల్మును గీరేసింది. ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి గీతలు. ఇంకొకటి చూసింది, మరొకటి చూసింది. అన్నీ అంతే. పదేళ్ళ తిరుగుడు పాడై ఆమె ఒడిలో పడి ఉంది. అక్క మాత్రం పరీక్ష పాసైన పిల్లలా నవ్వుతూ నిలబడింది. మామా ఆ నవ్వు చూసి, నోటి దాకా వచ్చిన మాట మింగేసింది. "షుక్రన్, గురమ్మా," అని కృతజ్ఞత చెప్పి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

కొన్నాళ్ళకు మిర్కాబ్ బజారులో ఒక ఫోటో స్టూడియో తెరిచారు. మామా నాతో కారు తీయించి, అక్కడ కూర్చుని ఆ నెగెటివ్‌లతోనే కొన్ని ఫోటోలు వేయించుకుంది. ఇంటికి తెచ్చి ఎప్పటిలాగే వంటింట్లో నేల మీద పరిచింది. అక్క చేతులు తుడుచుకుని కూర్చుంది.

నేను వంగి చూసి నిలబడిపోయాను. ఆ గీతలు ఫోటోలో తెల్లగా, సన్నగా, ఏటవాలుగా దిగుతున్నాయి. పడవల మీదా, వలల మీదా, పిల్లల తలల మీదా, నది మొత్తం మీదా వాన కురుస్తోంది. అలాంటి వాన నేను ఎప్పుడూ చూడలేదు.

అక్క ఒక్కో ఫోటో ఎత్తి చూసింది. ఆమెకు ఆ ఫోటోలు కంఠతా వచ్చు. చివరికి మెల్లగా అడిగింది. "ముందు వీటిల్లో వాన ల్యాకుండె గదా మామా?"

ఆ మాట నేను మామాకు హిందీలో చెప్పాను. మామా అబద్ధం ఆడలేదు. అక్క రెండు చేతులూ పట్టుకుని, అరచేతుల మీద వేలితో సన్నగా గీతలు గీసింది. అక్కకు అర్థమైంది. చాలాసేపు తన చేతుల వైపే చూసుకుంది. తరువాత పోలేరమ్మ ఫోటో ఒళ్ళోకి తీసుకుంది. ముసలామె అదే గట్టు, అదే కావడి, ఇప్పుడు హోరున వానలో ఎక్కుతోంది.

వాన కోసం మొగులు చూసి చూసి కళ్ళు కాయలు కాసిన ఊరి మనిషి మా గురమ్మక్క. కొంగు తీసి ఆ ఫోటో మీద కప్పింది.

"నా వల్ల తడిస్తివి గదే పోలేరమ్మా," అంది.