గోడకు అంటించిన గాజుపట్టీ

సైదాబాద్‌లో ఒక చిన్న బడిలో నేను సోషల్ టీచర్‌ని. ఏటా వానాకాలం మొదట్లో అగ్నిపర్వతాల పాఠం వస్తుంది. భూమి పైపెంకు పలకలుగా ఉందని, అవి మెల్లగా కదులుతూ ఒక్కోచోట ఒకటి ఇంకోదాని కిందికి దూరుతుందని చెబుతాను. దూరిన పలక తీసుకెళ్ళిన నీటి వల్ల పైనున్న వేడి రాయి కరిగి మాగ్మా అవుతుంది. చుట్టూ ఉన్న రాతికంటే తేలిక కాబట్టి పైకి వస్తుంది. దారి దొరక్కపోతే కొండ పక్కలు ఉబ్బుతాయి, నేల వణుకుతుంది. లావా నుంచి చాలాసార్లు నడిచి తప్పించుకోవచ్చు. బూడిదను మోసుకుని దూకే వేడి వాయువు నుంచి, వానకు దిగివచ్చే బురద నుంచి పరుగెత్తినా తప్పించుకోలేం. అందుకే కొండకు పరికరాలు బిగించి, వాలు కాస్త మారినా ఊరు ఖాళీ చేయిస్తారు. మన దగ్గర అట్లాంటిది రాదు కదా అని పిల్లలు అడుగుతారు. మన కింద పాత గట్టి రాయి, పలక అంచు చాలా దూరం, ఫికర్ లేదంటాను.

ఫికరంతా మా ఇంట్లోనే ఉంది. హుస్సేనీ ఆలంలో మాది తాతల నాటి పాల వ్యాపారం. బర్రెల కొట్టం వెనక గోడ మట్టిది. వెనకింటి మోరీ నీళ్ళు ఊరి ఊరి అది కడుపుతో ఉన్నట్టు ఉబ్బి, నిలువునా బీట ఇచ్చింది. అమ్మ రోజూ దాని పక్కనే కూర్చుని పాలు పిండేది. గోడ దించి కట్టిద్దామని అన్నను ఎన్నిసార్లు బతిమాలానో, అంతా చెవిటివాని ముందు శంఖమే. ఇల్లు మగపిల్లవాడిదట, పెళ్ళి కాని ఆడదాని పెత్తనమేందట. చివరికి కొండకు పరికరం బిగించినట్టే, బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీ ఒకటి సిమెంటుతో అంటించాను. గోడ కదిలితే ఇది పగులుతుంది, అప్పుడైనా నా మాట విను అని అన్నకు చెప్పి మరీ అంటించాను.

బోనాల ముందు పగిలింది. చెయ్యి పట్టి తీసుకెళ్ళి చూపించాను.

"పండుగ పూట ఇంట్ల పగిలిన అద్దమా? అరిష్టం గాదూ?" అన్నాడు.

గాజును గీకి పారేశాడు. బీటలో సున్నం మెత్తి, గోడంతా తెల్లగా కొట్టించి, పసుపు కుంకుమ బొట్లు పెట్టించాడు. అది చూసి అమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మను అక్కడ కూర్చోవద్దని ఎంత లొల్లి పెట్టినా వినలేదు. జాగ మారిస్తే బర్రె పాలు చేపదట.

పండుగయ్యాక ముసురు పట్టింది. ఒక పొద్దున అమ్మ పాలు పిండుతుండగా గోడ కూలింది. బర్రెకు ఏమీ కాలేదు. అమ్మ కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆసుపత్రికి వచ్చిన ప్రతి చుట్టానికీ అన్న ఒకటే చెప్పాడు. నేను గోడకు అద్దం పెట్టాను, అది పగిలింది, ఇంటికి కీడు వచ్చింది. వాళ్ళు తలలూపారు. వాళ్ళ మొహాలు మండ! నా తరఫున ఒక్క మాటైనా అంటుందేమోనని నేను అమ్మను చూశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కోపం లేదు, ప్రేమగానే అంది.

"నువ్వు గా అద్దం పెట్టకపోతే గోడ మంచిగనే ఉంటుండె గద బిడ్డా."