కాజాలమ్మ నాలుగో కోటు

ఆవిడ్ని అందరూ కాజాలమ్మ అనేవారు. కోట్లు కుట్టే పెద్ద దుకాణంలో పదకొండేళ్లుగా గుండీలకి కాజాలు కుడుతోంది మరి! ఆ పనిలో ఆవిడకి వంక పెట్టే మొనగాడు పుట్టలేదు. కానీ చేతులు కాజా మీదున్నా కళ్లు మాత్రం గదికి ఆ చివరనున్న కటింగ్ బల్ల మీదే ఉండేవి. ఆ బల్ల ముందు నిలబడి, బారెడు కత్తెర పట్టుకుని గుడ్డ కొయ్యాలి. అదొక్కటే కోరిక, ఇంకేం అడగలేదు పాపం.

ఆ బల్ల కటింగ్ మాస్టారిది. ముక్కు మీద కోపం, చెవి వెనక సుద్దముక్క, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. ఆ సూదులు జారకుండానే మనుషుల్ని తిట్టేవాడు, అదీ ఆయన ప్రతిభ. ఏడాదికోసారి పరీక్ష పెట్టేవాడు. ఎవరివో కొలతలు చదువుతాడు, ఆ కొలతలకి కోటు కోసి కుట్టి చూపించాలి. బాగుంటే బల్ల దగ్గరికి రావచ్చు. చెడితే మాత్రం, చెడగొట్టినవాళ్లే దాన్ని ఇంటికి పట్టుకుపోవాలి. మళ్లీ దుకాణంలో దాని మొహం కనిపించకూడదు.

పరీక్షకి నిలబడ్డ మొదటి ఏడు కాజాలమ్మ హడావిడిలో గుడ్డ మడత పెట్టడం మర్చిపోయింది. ఒకే వైపు రెండుసార్లు గీసి, రెండుసార్లు కోసింది. ఇంకేముంది, రెండూ ఎడమచేతులే వచ్చాయి! మాస్టారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఈ కోటుకి సరిపడే మనిషిని దేవుడింకా తయారుచెయ్యలేదమ్మా. చేశాక కబురు చేస్తాన్లే, పట్టుకెళ్లు" అన్నాడు.

దుకాణమంతా గొల్లున నవ్వింది. కాజాలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కోటు మూల పడేసి ముసుగుతన్ని పడుకుంది. పొద్దున లేచి చూస్తే ఏముంది? మొగుడు దాన్ని తొడుక్కుని డ్యూటీకి తయారు!

ఆయన బస్సు కండక్టరు. తెల్లారకుండా బయల్దేరే మొదటి బస్సు ఆయనదే, చలికి వణికిపోయే మనిషి.

"కుడిచెయ్యి మడత పడట్లేదే" అన్నాడు. "ఫరవాలేదు, ఎడంచేత్తో టిక్కెట్లు చింపుతా."

రెండో ఏటి కోటులో చేతులు సరిగ్గానే ఉన్నాయి గానీ కాలరు చెవుల దాకా ఎక్కింది. అది తొడుక్కుని కండక్టరు బస్సులో తిరుగుతుంటే తాబేలు టిక్కెట్లు అడుగుతున్నట్టుండేది. మూడో ఏడు కాలరూ కుదిరింది, చేతులూ కుదిరాయి. కాజాలమ్మ కళ్లలో ఆశ పెట్టుకుని నిలబడింది. మాస్టారు ఒకణ్ణి పిలిచి కోటు తొడిగించి, "చెయ్యెత్తు" అన్నాడు. చేతితో పాటు కోటు మొత్తం లేచి పొట్ట బయటపడింది. అదీ ఇంటికే వచ్చింది. గోడకి మూడు మేకులు, మేకుకో కోటు. వచ్చినవాళ్లంతా అదేంటని అడగడం, ఈవిడ వంటింట్లోకి తప్పుకోవడం. ఏడుపొచ్చేది, నిజంగానే ఏడ్చేది కూడా.

అయితే ఒకటి. కాజాలమ్మ పనికెళ్లేది మొగుడి బస్సులోనే. రోజూ వెనక సీట్లో కూర్చుని, తను చెడగొట్టిన కోటు జనం మధ్య నలగడం కళ్లారా చూసేది. బెల్లు తాడు లాగితే చంక దగ్గర ఎక్కడ పట్టేస్తోందో, వంగి చిల్లర ఇస్తే వీపు మీద ఎక్కడ బిగుస్తోందో అన్నీ కనిపించేవి. ఒకరోజు తాడు లాగేసరికి చర్రుమని చిరిగింది కూడా. జనం నవ్వారు. కాజాలమ్మ మాత్రం నవ్వలేదు, ఎక్కడ చిరిగిందో చూసి కొంగున ముడేసుకుంది.

నాలుగో ఏడు మాస్టారు ఒక మాట చెప్పాడు. "ఈ ఏటితో నేను మానేస్తున్నా. ఇదే ఆఖరి పరీక్ష. ఎవరూ నెగ్గకపోతే బల్ల మా బావమరిదికి." ఆ బావమరిది కత్తెర పట్టడం చూస్తే గుడ్డకే భయమేస్తుంది. మాస్టారు పుస్తకం తెరిచి కొలతలు చదివాడు. అవి ఆయనవే.

అందరూ రాసుకున్నారు. కాజాలమ్మ రాసుకోలేదు.

"మాస్టారూ, కాస్త లేచి నిలబడతారా?"

"కొలతలు చెప్పాను కదా!"

"అవి మీ పెళ్లినాటివండి."

మాస్టారి నోట్లోంచి జన్మలో మొదటిసారి ఒక సూది జారి కింద పడింది. అయినా లేచాడు. పై అరలోంచి గుడ్డ తియ్యమంది, తీశాడు. బల్ల మీదికి వంగమంది, వంగాడు. ఇన్నేళ్లు కత్తెర పట్టీ పట్టీ ఆయన కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు దిగిపోయింది. ఆ సంగతి ఆయనకే తెలీదు, కాజాలమ్మ కనిపెట్టింది.

కోసేముందు కాజాలమ్మ కత్తెర ఆపింది. గుడ్డ మడత పెట్టానా? పెట్టింది. మళ్లీ చూసింది. మళ్లీ చూసింది.

కోటు కుట్టాక మాస్టారు తొడుక్కున్నాడు. చెయ్యెత్తాడు, వంగాడు, అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. తప్పు కోసం శతవిధాలా వెతికాడు. చివరికి కత్తెర తీసి బల్ల మీద ఆవిడ వైపు జరిపి, "రేపు ఎనిమిదింటికల్లా ఇక్కడుండు" అని, కోటు విప్పకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం కాజాలమ్మ ఇల్లు చేరేసరికి కండక్టరు గోడకి నాలుగో మేకు కొట్టి సిద్ధంగా ఉన్నాడు.

"ఏదీ?" అన్నాడు చెయ్యి చాపి.

"ఏంటి?"

"నా కోటు."

"లేదండీ."

ఆయన ఖాళీ చేతుల వంక చూశాడు, ఆవిడ మొహం వంక చూశాడు. "అంటే... మాస్టారు ఉంచేసుకున్నాడా?"

తలూపింది, ఊపి భోరుమంది. ఆయనకీ కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత మేకు వంక చూసి, "బాగానే ఉంది గానీ, ఈ చలికి నా సంగతేంటే?" అన్నాడు.

కాజాలమ్మ కళ్లు తుడుచుకుంది. మూడేళ్లూ ఈ మనిషి ఎవరెవరి కొలతలో మోశాడు. ఒక్కసారైనా ఈయన ఒంటికి టేపు పెట్టింది లేదు. సంచీలోంచి టేపు తీసింది.

"చెయ్యెత్తండి, బెల్లు తాడు లాగుతున్నట్టు."

ఎత్తాడు.

"పొట్ట లోపలికి లాక్కోకండి."

"లాక్కోలేదే!"

"నాకు తెలీదూ? వదలండి."

వదిలాడు. ఆవిడ టేపు ఇంకాస్త సాగదీసి, ఆ అంకె రాసుకుంది.