గుర్రంలా గెంతిన రాజు

మా చిన్నతనంలో ఓడిపోవడమనేది ఒక్కడి సొంత వ్యవహారంగా ఉండేది కాదు. పరీక్ష తప్పినా, ఆటలో ఓడినా ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పోస్టుమార్టం చేసేవాళ్లు. డెబ్బైల్లో బెజవాడలో జరిగిన జూనియర్ చదరంగం పోటీ ఫైనల్లో నేను ఓడినప్పుడు ఆ పోస్టుమార్టం మా బాబాయి మంచం మీద జరిగింది.

బాబాయి ఆటోనగర్‌లో లారీ మెకానిక్. జాకీ జారి లారీ తన మీద పడ్డాక నడుం కింద చలనం లేకుండా పోయింది. ముప్పై నిండని మనిషి మాట్లాడటమే మానేశాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే గోడవైపు తిరిగేవాడు. నోరు విప్పేది నాతో చదరంగం ఆడేటప్పుడే, అదీ నన్ను తిట్టడానికి. నాకు ఆట నేర్పింది ఆయనే. మా ఇంటి ఆటలో ఒక వెసులుబాటు ఉండేది: చెక్‌లో ఉన్నా సరే, రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. పోటీల్లో అది చెల్లదు. గవర్నర్‌పేటలో పోటీ పెట్టినవాళ్లు ఆ సంగతి ముందే చదివి వినిపించారు, నేను బుద్ధిగా తల ఊపాను కూడా. (తల ఊపడంలో పోటీ పెట్టి ఉంటే కప్పు నాదే.) నేను గెలిచి వస్తే బాబాయి మళ్లీ మనుషుల్లో పడతాడని ఇంట్లో అందరికీ ఆశ. ఎవరూ పైకి మాత్రం అనలేదు.

ఫైనల్లో నాదే పైచేయి. ఎదుటి కుర్రాడు తన ఏనుగును నా మంత్రికి అందేలా వదిలేశాడు. నా రాజేమో మూలన, మూడు బంట్ల వెనక ఇరుక్కుని ఉన్నాడు. ఒక్క బంటును జరిపితే వాడికి ఊపిరాడేది. 'అవసరమైతే గెంతుతాడులే' అనుకుని ఏనుగును తినేశాను. మరుక్షణం ఆ కుర్రాడి రెండో ఏనుగు దిగబడి చెక్ చెప్పింది. నేను నింపాదిగా రాజును బంట్ల మీదుగా గెంతించాను. హాలంతా ఘొల్లుమంది. "బాబూ, అది రాజయ్యా, గుర్రం కాదు," అన్నారు అంపైరుగారు నా చెయ్యి పట్టుకుని. రాజుకు వేరే దారి లేదు, ఆట కట్టు.

మర్నాడు బాబాయి "ఆట మొత్తం వెయ్యి," అన్నాడు. మంచం మీద బల్ల పెట్టి ఒక్కో ఎత్తూ వేసి చూపిస్తుంటే అందరూ మూగారు. "మంత్రుండగా రాజుకి గెంతాల్సిన ఖర్మేంట్రా? ఏం చేస్తన్నాడా మంత్రి?" అంది నానమ్మ. "తింటన్నాడమ్మా," అన్నాడు నాన్న. అందరం నవ్వాం. బాబాయి మాత్రం రాజు వంకే చూస్తూ ఉండిపోయాడు. "నా కాళ్లు పోతే పోయినయ్. నీ ఆట కూడా నేనే ఇరగ్గొట్టాన్రా," అన్నాడు. ఆ మాట వినేకంటే పది ఫైనల్స్ ఓడటం నయమనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

ఏం చెయ్యాలో తోచక రాజును మళ్లీ గెంతించాను. "మనింటి ఆటలో నేనింకా ఓడలేదు బాబాయ్. నువ్వు ఆ కుర్రాడి తరఫున ఆడు," అన్నాను. ఆయన చెయ్యి చాచి ఏనుగును జరిపాడు. నాకు ఒక ఏనుగు ఎక్కువున్నా, కాసేపట్లోనే నా ఆట కట్టించేశాడు. "గెంతినా చచ్చావు గదరా! తప్పు గెంతుది కాదు, నీ కక్కుర్తిది, ఎదవా!" అంటూ పెద్దగా నవ్వాడు. ప్రమాదం జరిగాక ఆయన నవ్వడం అదే మొదలు. నానమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ వానాకాలం దాటకుండానే బాబాయి పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ ఆటను మళ్లీ బల్ల మీద పేర్చి చూశాను. రాజు గెంతాక బాబాయి మీద గెలుపు నాదే కావాల్సింది, చిన్నపిల్లలకు కూడా కనిపించేంత సులువుగా. బాబాయి కోసం కావాలనే ఓడానని చెప్పుకుంటే ఎంత బాగుంటుందో! కానీ లేదు, గెలవాలని ప్రాణం పెట్టి ఆడే ఓడాను. నా తెలివితక్కువతనం జన్మలో ఒకరికి ఉపయోగపడింది ఆ ఒక్కసారే.