రాధమ్మ కీబోర్డు మింగిన పేరు

కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుట నాది జిరాక్స్ షాపు. పక్కనే రాధమ్మక్క టైపింగు షాపు. ఇరవై ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్ల దరఖాస్తులన్నీ ఆమె వేళ్ల మీదుగానే పోయాయి. కీబోర్డు వంక చూడకుండా కొడుతుంది. చూసి కొట్టేవాళ్లంటే ఆమెకు చులకన. ఆ చులకన నేను రోజూ పడుతూనే ఉంటాను.

అలాంటి మనిషి మొన్న శుక్రవారం పొద్దున నన్ను పిలిచింది. గొంతు ఆమెది కాదు.

"తమ్మీ, జర ఇటు రా. నా తలకాయ పనిచేస్తలేదు."

ఎదురుగా సాలమ్మ కూర్చుని ఉంది. రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించాలని ఆమె దరఖాస్తు. రాధమ్మక్క చిన్నబిడ్డ యమున పేరు కొట్టింది. పెద్దబిడ్డ పేరు ముందుండాలంది సాలమ్మ. వెనక్కి పోయి మనీషా అని కొడితే యమున మాయమైంది. అంతా చెరిపి మొదటినుంచి కొడితే ఇద్దరూ వచ్చారు. అంతలో సాలమ్మకు నడిపి కొడుకు వేణు గుర్తొచ్చాడు. వాణ్ని మధ్యలో పెట్టబోతే యమున మళ్లీ గల్లంతు.

"నా చిన్నబిడ్డ పేరే నిలుస్తలేదేంది అక్కా?" అంది సాలమ్మ.

రాధమ్మక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నన్ను కన్న అవ్వకు గిట్లనే మొదలైంది తమ్మీ. నా పేరు యాదికొస్తే మా చెల్లె పేరు మరిచేది. ఇగ నాకూ వచ్చింది. షాపు బందువెట్టుడే."

నాకు భయమేసింది. ఆమెను లేపి నేనే కూర్చుని కొట్టాను. యమున నా చేతిలోనూ పోయింది.

"నాకూ గిట్లనే అయితంది అక్కా."

"నీకు కొట్టుడు ఎప్పుడొచ్చింది గనుక," అంది.

నాకు ఒళ్లు మండింది. చేయి తీసి చూసుకుంటే వేలికి ఎర్రగా అంటింది. బ్యాక్‌స్పేస్ పక్క మీట మీద తడి ఆరని కుంకుమ బొట్టు.

"గిదేంది?"

"శుక్రవారం గద. ప్రతి శుక్రవారం పేజీ తెరిచినంక మెషీనుకు బొట్టు పెట్టి కండ్లకు అద్దుకుంట. పాత కీబోర్డుకు మీద ఖాళీ జాగ ఉండె. నిన్న తెచ్చిన గీ కొత్తదానికి జాగనే లేదు. అక్షరాల మీద పెడితే చెరిగిపోతది. గందుకే నేనెన్నడు ముట్టని గీ మీట మీద పెట్టిన."

అది ఇన్సర్ట్ మీట. దాన్ని ఒకసారి నొక్కితే కొత్త అక్షరం పాతవాటిని పక్కకు జరపదు, వాటి చోట్లోనే కూర్చుంటుంది. అక్క భక్తితో గట్టిగానే అద్దినట్టుంది. నేను ఆ మీట ఇంకోసారి నొక్కి, అంతా చెరిపి మనీషా, యమున అని కొట్టి, మధ్యలో వేణు పేరు పెట్టాను. యమున బుద్ధిగా పక్కకు జరిగింది.

సాలమ్మ ముగ్గురి పేర్లూ చదివించుకుని కాగితం పట్టుకుని పోయింది. అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ మీటనే చూస్తూ కూర్చుంది.

"గింతేనా," అంది. కొంగుతో ఆ మీట మీది బొట్టు తుడిచింది.

"మా అవ్వకు గూడ గిసొంటి మీట ఏదన్న ఉండెనేమో తమ్మీ. మేం ఎతకనే లేదు."